భావోద్వేగ పరిశోధన – రససూత్రం: ‘గాలివాన’ ఆధారంగా ఒక పునర్విచారణ

తెలుగు సాహిత్య విమర్శలో మనస్తత్వశాస్త్రం అడుగుపెట్టి చాలా కాలమైంది. బుచ్చిబాబు, గోపీచంద్, రాచకొండ విశ్వనాథశాస్త్రి, నవీన్ నవలలపై వెలువడిన సిద్ధాంత గ్రంథాలలో ‘మనోవైజ్ఞానిక విశ్లేషణ’ అనే అధ్యాయం దాదాపు తప్పనిసరి అయింది. ఆ అధ్యాయాల నడక కూడా ఇంచుమించు ఒక్కటే. మొదట ఫ్రాయిడ్, ఆడ్లర్, యూంగ్‌ల సిద్ధాంతాల పరిచయం ఉంటుంది. తర్వాత పాత్రల జాబితా వస్తుంది. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క మనోవికారం పేరు తగిలించడంతో అధ్యాయం ముగుస్తుంది. ‘అల్పజీవి’ సుబ్బయ్యది ఆత్మన్యూనతాభావమని నిర్ధారించిన విమర్శకునికి ఆ తర్వాత చెప్పవలసింది ఏమీ మిగలదు. గవరయ్య తలపుకు వచ్చినప్పుడల్లా సుబ్బయ్య ఊహలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ పోయే తీరు, ఆ భయాన్ని చూసి పాఠకునికి ఒకసారి నవ్వు, ఒకసారి జాలి, ఒకసారి తన గురించి తనకే సిగ్గు కలిగే తీరు ఆ పేరు కింద కప్పబడిపోతాయి. రోగనిర్ణయం వైద్యంలో చికిత్సకు ఆరంభం. విమర్శలో అది చాలాసార్లు చదువుకు ముగింపు అవుతున్నది.

దీనికి ఎదురుగా మరొక అలవాటు ఉంది. పాశ్చాత్యులు ఇటీవల ప్రయోగశాలల్లో కనుగొన్న విషయాన్ని భరతుడు ఎప్పుడో చెప్పాడని చూపడం దాని లక్ష్యం. దీనికి అందరూ వాడే ఆధారం పాల్ ఎక్‌మన్ ప్రతిపాదించిన మౌలిక భావోద్వేగాల పట్టిక. కోపం, భయం, జుగుప్స, ఆశ్చర్యం, దుఃఖం, ఆనందం అనే ఆరింటిని భరతుని ఎనిమిది స్థాయిభావాల పక్కన నిలిపి, క్రోధ భయ జుగుప్సా విస్మయ శోకాలు ఐదూ యథాతథంగా కలుస్తున్నాయని, హాసం ఆనందానికి దగ్గరగా ఉందని, ఆ విధంగా నాట్యశాస్త్రం విజ్ఞానశాస్త్ర సమ్మతమైందని తేలుస్తారు. సదస్సులలో ఈ వాదానికి చప్పట్లు కూడా బాగానే పడతాయి.

ఈ రెండు అలవాట్లూ పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా లోపల ఒకే నమ్మకం మీద నిలిచి ఉన్నాయి. భావం అనేది మనిషి లోపల ముందే తయారై, పేరుతో సహా సిద్ధంగా ఉండే వస్తువనీ, ముఖమో మాటో చేష్టో దాన్ని బయటపెడుతుందనీ, చూసేవాడు దాన్ని గుర్తుపట్టడమే తరువాయి అనీ ఆ నమ్మకం. ఈ విషయంలో భావోద్వేగ పరిశోధన గత యాభై ఏళ్లలో చాలా మలుపులు తిరిగింది. మన అలంకారశాస్త్రమూ ఈ నమ్మకాన్ని అంగీకరించలేదు. మనం పోల్చదలిస్తే పోల్చవలసిన చోటు పట్టికల దగ్గర లేదని చూపడం, అట్లా చూపితే ఒక కథను చదవడంలో ఏమి మారుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పట్టికల పోలికలోని లోపం అందులో కలవని వాటిని చూస్తే తెలుస్తుంది. రతి, ఉత్సాహం ఎక్‌మన్ ఆరింటిలో లేవు. శృంగార వీరాలకు మూలమైన ఈ రెండూ లేని పట్టికను రససిద్ధాంతానికి సాక్ష్యంగా పిలవడం విచిత్రం. మన కావ్యప్రపంచంలో సగానికి పైగా ఆ రెండింటి మీదే నడిచింది. ఎక్‌మన్ పట్టిక సైతం ఆరు దగ్గర నిలవలేదు. తరువాత తిరస్కారభావం చేరింది. 1990ల చివరికి గర్వం, లజ్జ, అపరాధభావం, ఊరట వంటివాటితో అది ఇంకా విస్తరించింది. భరతుడు స్థాయి, వ్యభిచారి, సాత్త్వికాలను కలిపి నలభై తొమ్మిది భావాలు చెప్పి, వాటి మధ్య పరస్పర సంబంధాలను నిర్వచించాడు. శృంగారం నుండి హాస్యం, రౌద్రం నుండి కరుణం, వీరం నుండి అద్భుతం, బీభత్సం నుండి భయానకం పుడతాయన్నాడు. ఇటువంటి జన్యజనక సంబంధం ఎక్‌మన్‌కు అవసరమే లేదు. ఆయన వెదికింది మానవజాతి అంతటికీ సమానమైన ముఖకవళికలను. భరతుడు వెదికింది రంగస్థలం మీద రసాన్ని నిష్పన్నం చేసే ఉపాయాలను. అడిగిన ప్రశ్నలు వేరైనప్పుడు జవాబులలో నాలుగు మాటలు కలిసినంత మాత్రాన ఒకదానికొకటి రుజువు కాదు.

అయితే ఎక్‌మన్ ప్రయోగాలను వాటి ఫలితాల పట్టికతో సరిపెట్టుకోకుండా, అవి జరిగిన పద్ధతిని చదివితే అలంకారశాస్త్రం తెలిసినవారికి ఆసక్తికరమైన విషయాలు కనిపిస్తాయి.

ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్‌లు 1971లో ప్రకటించిన ప్రసిద్ధ పరిశోధన పాపువా న్యూగినీలోని ఫోరె ప్రజల మధ్య జరిగింది. సినిమాలు, పత్రికలు చూడని, ఇంగ్లీషు రాని వారిని ఎంచుకోవడం అందులోని ప్రధానమైన జాగ్రత్త. వారికి ఒక చిన్న కథ చెప్పి, మూడు ముఖచిత్రాలు చూపి, కథలోని మనిషి ముఖం ఏదో చూపమని అడిగారు. పిల్లలకైతే రెండు చిత్రాలే. చాలా భావాల విషయంలో ఎక్కువమంది పరిశోధకులు ఆశించిన చిత్రాన్నే ఎంచారు. కాని భయాన్ని ఆశ్చర్యం నుండి పెద్దలు వేరుచేయలేకపోయారు.

ఇక ఆ కథలు. బిడ్డ చనిపోయింది, అతనికి చాలా దుఃఖంగా ఉంది అన్నది ఒక కథ. మిత్రులు వచ్చారు, అతనికి సంతోషంగా ఉంది అన్నది మరొకటి. కోపంగా ఉన్నాడు, కొట్లాడబోతున్నాడు అన్నది ఇంకొకటి. భావాన్ని దాని పేరుతోనే చెప్పడాన్ని మన ఆలంకారికులు స్వశబ్దవాచ్యత్వం అని రసదోషాలలో లెక్కించారు. ‘శోకం’ అనే మాట వాడినంత మాత్రాన కరుణరసం పుట్టదని వారి అభిప్రాయం. ప్రయోగానికి ఆ దోషం పట్టింపు లేదు, ఉండనక్కరలేదు కూడా. కాని దాని వల్ల ఒక సందేహం మిగులుతుంది. ఫోరె ప్రజలు ముఖంలో శోకాన్ని చూశారా, లేక శోకమనే మాట విని, ఉన్న మూడింటిలో దానికి అంతోయింతో సరిపోయే ముఖాన్ని ఏరుకున్నారా? 1994లో జేమ్స్ రస్సెల్ ఈ రకమైన పరిశోధనల మీద రాసిన విస్తృత విమర్శలో లేవనెత్తిన ప్రధానాంశాలలో ఇది ఒకటి. ముందే ఇచ్చిన కొద్ది జవాబులలో ఒకటి ఎంచుకోమన్నప్పుడు వచ్చే ఏకాభిప్రాయం, స్వేచ్ఛగా చెప్పమన్నప్పుడు తగ్గిపోతుంది.

అన్నిటికంటె విలువైనది భయం కథ. అది మిగిలినవాటి కంటె చాలా పొడవు. ఒక మనిషి ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఊళ్లో మరెవరూ ఉండరు. ఇంట్లో కత్తి లేదు, గొడ్డలి లేదు, విల్లంబులు లేవు. వాకిట్లో అడవిపంది వచ్చి నిలబడుతుంది. అది కరుస్తుందేమోనని అతనికి భయం. సంతోషానికి ఒక వాక్యం చాలినప్పుడు భయానికి ఇంత కథ ఎందుకు కావలసివచ్చింది? అడవిపంది ఒక్కటే భయానికి చాలదు కాబట్టి. చేతిలో విల్లు ఉంటే అదే పందిని చూసిన మనిషికి ఉత్సాహం కలగవచ్చు. పక్కన పదిమంది ఉంటే వేటవేడుక అవుతుంది. ఆయుధాలను ఒక్కొక్కటిగా ఇంట్లోంచి తీసివేసి, ఊరిని ఖాళీ చేస్తే గాని ఆ ముఖానికి భయమనే అర్థం స్థిరపడలేదు.

పదకొండవ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశం నాల్గవ ఉల్లాసంలో సరిగ్గా ఇటువంటి జంతువునే ఉదాహరించాడు. పులి మొదలైన విభావాలు భయానకానికి ఎట్లాగో వీర అద్భుత రౌద్రాలకు కూడా అట్లాగే విభావాలు. కన్నీరు మొదలైన అనుభావాలు శృంగారానికి ఎట్లాగో కరుణ భయానకాలకు కూడా అట్లాగే చెందుతాయి. చింత వంటి వ్యభిచారిభావాలకూ ఇదే స్థితి. విడివిడిగా ఏదీ ఏకాంతం కాదు. అందుకే భరతసూత్రం ఆ మూడింటినీ కలిపి చెప్పిందని మమ్మటుని వివరణ. ఆయన వాడిన ‘అనైకాంతికత్వం’ తర్కశాస్త్రపు మాట. ఒక హేతువు ఒక సాధ్యాన్ని మాత్రమే కాక ఇతరాలను కూడా సూచిస్తే అది వ్యభిచరించే హేతువు. దానితో అనుమానం నిలవదు.

భరతుడు కూడా ఈ విషయంలో అమాయకుడేమీ కాదు. సప్తమాధ్యాయంలో సాత్త్వికాలను వివరిస్తూ అశ్రువుకు ఆయన ఇచ్చిన కారణాల పట్టిక చూడండి: ఆనందం, అమర్షం, భయం, శోకం ఒక వైపు, పొగ, కాటుక, ఆవులింత, రెప్పవేయకుండా చూడడం, చలి, రోగం మరొక వైపు. స్వేదానికి కోపం, భయం, హర్షం, లజ్జ, దుఃఖాలతో పాటు శ్రమ, ఎండ, వ్యాయామం కూడా కారణాలే. ప్రతి భావానికీ శరీరంలో దాని సొంత ముద్ర ఉంటుందని నమ్మే శాస్త్రజ్ఞుడు రాయగల పట్టిక కాదిది.

ఇటీవలి పరిశోధన ఎక్కువగా ఈ అనైకాంతికత్వం వైపే నడిచింది. 2008లో హిలెల్ అవీజర్, అతని సహచరులు జుగుప్సను ప్రదర్శించే ఒకే ముఖాన్ని వేర్వేరు దేహాలకు అతికించి చూపారు. పిడికిలి ఎత్తిన దేహంపై ఆ ముఖాన్ని చూసినవారిలో అత్యధికులు దాన్ని కోపంగా చెప్పారు. ట్రోబ్రియాండ్ ద్వీపాలలో కార్లోస్ క్రివెల్లి బృందం చేసి 2016లో ప్రకటించిన పరిశోధనలో, కళ్లు విప్పి నోరు తెరిచిన ముఖాన్ని, అంటే మన పాఠ్యపుస్తకాల్లో భయానికి నమూనాగా ముద్రించే ముఖాన్నే, అక్కడి యువకులు బెదిరించేవాని ముఖంగా గుర్తించారు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ మరి నలుగురు పరిశోధకులతో కలిసి 2019లో రాసిన సమీక్షలో, కోపం కలిగిన సందర్భాలలో మనుషులు ముఖం చిట్లించడం సుమారు 30 శాతమే ఉన్నదని తేల్చారు. మిగిలిన సందర్భాలలో కోపం నవ్వుగా, మౌనంగా, కన్నీళ్లుగా, ఏ మార్పూ లేని ముఖంగా ఉండవచ్చు. కోపం లేనప్పుడూ ముఖం చిట్లవచ్చు. ఇదంతా కోడలిగా, గుమాస్తాగా, ఆశ్రితునిగా బతికినవారికి కొత్త సంగతి కాదు. కాని శాస్త్రం ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది.

ఇంతవరకు చెప్పినదానికి అడ్డుగా నిలిచే సాక్ష్యాన్ని దాటవేయడం న్యాయం కాదు. అహల్యా హెజ్మాడీ, రిచర్డ్ డేవిడ్‌సన్, పాల్ రోజిన్ 2000లో ప్రకటించిన పరిశోధన నేరుగా నాట్యశాస్త్ర వర్ణనల మీద ఆధారపడింది. క్రోధం, జుగుప్స, భయం, వీరం, హాసం, ప్రేమ, శాంతం, శోకం, లజ్జ, విస్మయం అనే పదింటిని ఆ వర్ణనల ప్రకారం అభినయించి, చలనచిత్రాలుగా తీసి భారతీయులకూ అమెరికన్లకూ చూపారు. ముందే ఇచ్చిన జవాబులతోనూ, స్వేచ్ఛగా చెప్పమన్నప్పుడూ ఇరువురూ యాదృచ్ఛికతను మించి చాలా ఎక్కువగా సరైన భావాన్ని గుర్తించారు. భరతుని అభినయ సంకేతాలు సముద్రాలు దాటి అర్థమవుతాయనడానికి ఇది బలమైన ఆధారమే.

కాని అది దేనికి ఆధారమో జాగ్రత్తగా చూడాలి. వారు చూపినది అభినయం. భావం కలిగిన మనిషి ముఖం కాదు. ఎక్‌మన్ వాడిన నిశ్చల చిత్రాలలో కూడా ఎక్కువ భాగం అడిగినప్పుడు పెట్టిన ముఖాలే. ఈ రెంటిలోనూ చూపరి చేసే పని ఒక చిహ్నాన్ని చూసి ఒక భావాన్ని ఊహించడం. రసచర్చలో దీనికి పాత పేరు ఉంది. శ్రీశంకుకుడు రసప్రతీతిని అనుమితి అన్నాడు. నటుని అనుభావాలను చూసి ప్రేక్షకుడు రామునిలోని స్థాయిని అనుమానిస్తాడని, ఆ ప్రతీతి నిజం అబద్ధం సంశయం సాదృశ్యం ఏదీ కాని చిత్రతురగ న్యాయమని ఆయన వాదం. బొమ్మలోని గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అనడం వంటిదది. ముఖచిత్రాల ప్రయోగాలన్నీ ఈ చిత్రతురగాలతో నడిచినవే. భట్టతౌతుడు, అభినవగుప్తుడు ఈ వాదాన్ని ఎందుకు నిరాకరించారో ఇక్కడ గుర్తుకు రావాలి. ఎదుటివాని భావం ఏమిటో తెలుసుకోవడం వేరు, సహృదయునిలో రసం కలగడం వేరు. మొదటిది పూర్తిగా సాధించినా రెండవది జరగకపోవచ్చు. కాబట్టి గుర్తుపట్టే ప్రయోగాలు ఎంత విజయవంతమైనా రససిద్ధాంతాన్ని నిరూపించలేవు, ఖండించనూ లేవు. శంకుకుడు బతికి ఉంటే సంతోషించేవాడేమో.

ఇంకొక అంశం తెలుగువారికి మరింత దగ్గరిది. పొరపాటు చేసి నాలుక కరుచుకోవడం మనకు వాడుకలో ఉన్న చేష్టే, నుడికారమే. ఒడిశాలో దీనికి ఇంకా బరువైన అర్థం ఉంది. ఉషా మేనన్, రిచర్డ్ ష్వీడర్ 1994లో భువనేశ్వర్‌లో చేసిన అధ్యయనం కాళికాదేవి బయటికి చాచిన నాలుక గురించినది. శివుని మీద కాలు మోపినందుకు ఆమె లజ్జతో నాలుక కరుచుకున్నదని అక్కడివారు చెప్పారు. 1999లో జోనథన్ హైట్, డాకర్ కెల్ట్‌నర్ ఈ నాలుక కరుచుకున్న ముఖాన్ని ఒడిశావారికీ అమెరికన్లకూ చూపితే, భారతీయులు దాన్ని సిగ్గు, లజ్జలుగా గుర్తించారు. అమెరికన్లకు అది అందలేదు. ఆరు ముఖాల పట్టికలో ఈ ముఖానికి చోటే లేదు. ఎవరి ముఖాలతో పట్టిక మొదలుపెడతామో వారికే అది సర్వసామాన్యంగా కనిపిస్తుంది.

ముఖాలకే కాదు, మాటలకూ ఇది వర్తిస్తుంది. తెలుగులో అలక, ఉక్రోషం, బెంగ, మొహమాటం, రోషం, బిడియం వంటి మాటలున్నాయి. మన మనోవైజ్ఞానిక విమర్శ వీటిని ఎప్పుడూ పారిభాషిక పదాలుగా తీసుకోలేదు. ఇంగ్లీషు పదానికి సంస్కృత సమాసం తయారుచేసి, ఆ సమాసంతో తెలుగు పాత్రను వర్ణించడం మన పద్ధతి. ‘పారిజాతాపహరణం’లో సత్యభామ అలకను క్రోధమందామా, శోకమందామా? శాస్త్రం ప్రకారం ఈర్ష్యామానమని విప్రలంభంలో చేర్చవచ్చు, తప్పులేదు. కాని అలకకు ఒక ప్రత్యేకమైన షరతు ఉంది. అలిగినవారిని చూసేవారుండాలి, వారు బతిమాలగలవారై ఉండాలి. ఎవరూ రారని తెలిసినచోట అలక ఉండదు, దుఃఖం మాత్రమే ఉంటుంది. కృష్ణుడు రావడంతో ఆ కన్నీటి అర్థం మారుతుంది, అతడు పాదాలపై వాలగానే మళ్లీ మారుతుంది. అందుచేత అలక ఒకరి లోపలి భావం కాదు, ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం. ఉక్రోషమూ అంతే. కోపం ఉండి, దాన్ని చెల్లించుకునే శక్తి లేక, ఆ లేమి ఎదుటివారికి కనబడిపోయినప్పుడు వచ్చేది ఉక్రోషం. సుబ్బయ్య దగ్గరకు ఆత్మన్యూనత అనే మాటతో కాక ఈ మాటతో వెళ్లి ఉంటే ‘అల్పజీవి’ మీద మన విమర్శ వేరుగా ఉండేది.

ఇప్పుడు పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ దగ్గరికి వద్దాం. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన ఈ కథ మీద వచ్చినంత మనోవైజ్ఞానిక వ్యాఖ్యానం తెలుగులో బహుశా కొద్ది కథల మీదే వచ్చి ఉంటుంది. కథాంశం అందరికీ తెలిసినదే. నియమాల చట్రంలో జీవితాన్ని అమర్చుకున్న రావుగారు ఉపన్యాసం కోసం రైలులో బయలుదేరతాడు. ఒక ముష్టిది ఆ పెట్టెలోకి వస్తుంది. తుపాను రాత్రి, చిన్న స్టేషను వెయిటింగ్ రూములో ఇద్దరే మిగులుతారు. ఆ భీభత్సంలో ఆమె ఆయనను హత్తుకుంటుంది, ఆయన ఆమె వెచ్చదనాన్ని ఆశ్రయిస్తాడు. తెల్లవారేసరికి ఆమె చనిపోయి ఉంటుంది. ఆయన పర్సు ఆమె దగ్గర బయటపడుతుంది.

మనకు అలవాటైన వ్యాఖ్యానం ఇట్లా సాగుతుంది: నియమాల కింద అణచిన కామం తుపానులో బయటపడింది, తుపాను అవ్యక్తచేతనకు ప్రతీక. కొంచెం ఆధునికులైతే మరొక ఆధారం తెచ్చుకోవచ్చు. డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ 1974లో ప్రకటించిన ప్రయోగం ఈ కథకు చేసి పెట్టినట్టే ఉంటుంది. బ్రిటిష్ కొలంబియాలోని కాపిలానో నది మీద, 230 అడుగుల ఎత్తున ఊగే వేలాడు వంతెనపై నడిచే మగవారిని ఒక యువతి పలకరించి, కొన్ని ప్రశ్నలు అడిగి, తన ఫోను నంబరు ఇచ్చింది. నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది తరువాత ఫోను చేశారు. ఊగని, ఎత్తు తక్కువైన వంతెన మీద 16 మందిలో ఇద్దరే చేశారు. భయంతో కొట్టుకున్న గుండెను ఆకర్షణగా పొరబడ్డారని పరిశోధకుల వివరణ. దీని వెనుక 1962 నాటి షాక్టర్, సింగర్‌ల ప్రయోగం ఉంది. అడ్రినలిన్ సూదిమందు ఇచ్చి, దాని ప్రభావం చెప్పకుండా దాచి, పక్కన ఉత్సాహంగానో కోపంగానో నటించే మనిషిని కూర్చోబెట్టి, శరీరోద్రేకానికి సందర్భం పేరు పెడుతుందని వారు ప్రతిపాదించారు.

సాహిత్యవిద్యార్థికి నచ్చే సంగతి ఒకటి డటన్, ఆరన్‌ల పద్ధతిలో ఉంది. వంతెన మీద నడిచినవారికి ఒక బొమ్మ చూపి, దాని మీద చిన్న కథ రాయమన్నారు. ఒక చేత్తో ముఖం కప్పుకుని మరో చెయ్యి చాచిన స్త్రీ బొమ్మ అది. వారు రాసిన కథలలో శృంగారం పాలెంతో కొలిచారు. ఆ స్త్రీ ఏడుస్తున్నదో, సిగ్గుపడుతున్నదో, తలనొప్పితో ఉన్నదో బొమ్మ చెప్పదు. అనైకాంతికమైన ఒక అనుభావాన్ని ముందు పెట్టి, చూపరి దానికి ఏ విభావాన్ని సమకూరుస్తాడో పరిశీలించడమే ఆ పరీక్ష.

అయినా ఈ ప్రయోగాన్ని ‘గాలివాన’కు తాళంచెవిగా వాడడం తగదు. తొమ్మిదీ రెండూ చాలా చిన్న సంఖ్యలన్నది ఒక కారణం. షాక్టర్, సింగర్‌ల ఫలితాలు మూలంలోనే బలహీనమైనవి. 1979లో వెలువడిన రెండు పునఃప్రయోగాలు వాటిని సమర్థించలేదు. 2015లో మనస్తత్వశాస్త్రంలో వంద పరిశోధనలను తిరిగి చేసి చూసినప్పుడు 36 శాతంలో మాత్రమే గణనీయమైన ఫలితం మళ్లీ కనిపించింది. వ్యాసంలో ‘శాస్త్రం నిరూపించింది’ అని రాసే ముందు విమర్శకుడు ఈ సంఖ్యను తలచుకోవడం మంచిది.

రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. ఉద్రేకాన్ని పొరబడి ఆరోపించడం అన్న వివరణలోనే ఒక తీర్పు దాగి ఉంది. అసలు భావం భయం, తప్పుగా అనుకున్నది ఆకర్షణ అని అది ముందే నిర్ణయించుకున్నది. అణచిన కామమనే ఫ్రాయిడ్ వ్యాఖ్యానం దీన్ని తలకిందులు చేస్తుంది: అసలుది కామం, పైకి కనబడేది భయం. రెండింటికీ లోపల ఒక అసలు భావం కావాలి. మమ్మటుడు ఈ మాట అనలేదు. పొరపాటు అనే ప్రసక్తే ఆయన తేలేదు. విడిగా ఉన్నప్పుడు చాలవు అన్నాడు, అంతే. పైగా లోకంలో కారణ కార్య సహకారులుగా ఉన్నవి కావ్యంలో విభావ అనుభావ వ్యభిచారులవుతాయని ముందే హద్దు గీశాడు. కనుక ఆయనను బారెట్‌కు పూర్వీకుడిగా నిలబెట్టడం కూడా పట్టికల పోలిక వంటి పొరపాటే. ఇద్దరికీ ఎదురైన సమస్య ఒకటి; వెతికిన జవాబులు వేరు.

ఆ సమస్యతో కథను చదివితే, పద్మరాజు ఎక్‌మన్‌కు సరిగ్గా ఎదురుదిక్కున పని చేసినట్టు కనిపిస్తుంది. ఫోరె ప్రజలకు చెప్పిన కథలో ఒకే అర్థం నిలిచేవరకు ఆయుధాలను ఇంట్లోంచి తీసివేశారు. పద్మరాజు ఒక్కదాన్నీ తీసివేయలేదు. తుపాను భయానికి విభావం. ఏకాంతం, చీకటి, స్త్రీ సాన్నిధ్యం శృంగారానికి విభావాలు. ఆమె దైన్యం కరుణానికి, మురికి జుగుప్సకు. ఇవన్నీ ఒకే గదిలో ఉన్నాయి. వణుకు, గగుర్పాటు, హత్తుకోవడం ఎవరివైనా కావచ్చు. పైగా ధైర్యం ఆ గదిలో ఆమె వైపు ఉంది. నియమాలన్నీ ఉన్న మనిషి భయపడితే ఏమీ లేని మనిషి ఓదారుస్తుంది. వయసులో, కులీనతలో, చదువులో పై మెట్టున ఉన్నవాడు కౌగిలిలో పిల్లవాడవుతాడు. ఆ కౌగిలిని మాతృత్వమనీ చదవవచ్చు. కథ ఏ అర్థాన్నీ మూసివేయదు, దేనికీ పేరు పెట్టదు. స్వశబ్దవాచ్యత్వాన్ని తప్పించిన కథలలో దీన్ని మేలైన ఉదాహరణగా చెప్పవచ్చు.

తర్వాత పర్సు కనిపిస్తుంది. విభావాలలో ఒకటి ఆలస్యంగా, కథ చివర వచ్చి చేరింది. పాఠకుడు వెనక్కి వెళ్లి ఆ కౌగిలిని మళ్లీ చదవక తప్పదు. ఆమె చెయ్యి ఆయన దేహం మీద దేనికోసం తిరిగింది? జాలితోనా, చలితోనా, పర్సు కోసమా? మన విమర్శ సాధారణంగా ఇక్కడ ఒక పక్షం తీసుకుంటుంది. దొంగతనం ఆమె వృత్తి, ఆప్యాయత ఆ క్షణపు సత్యం అంటారు. లేదా ఆప్యాయత కూడా వృత్తిలో భాగమే అంటారు. రెండూ ఆమె లోపలికి వెళ్లి అసలు భావాన్ని తవ్వి తెచ్చినట్టు మాట్లాడతాయి. కాని కథ మనల్ని ఆమె లోపలికి వెళ్లనివ్వలేదు. ఆమె చనిపోయింది, చెప్పవలసిన సాక్షి లేదు. చేష్ట ఒక్కటే మిగిలింది, దానికి కారణాలు రెండు.

లోకంలో అయితే ఈ సంశయం అక్కడే ఆగుతుంది. పోలీసులు పర్సును సాక్ష్యంగా రాసుకుంటారు. కథలో ఈ సంశయం రావుగారి ప్రతిస్పందన మీదుగా పాఠకుని చేరుతుంది. దొంగతనం తెలిసిన తర్వాత ఆయనలో రావలసింది, నియమబద్ధుడికి న్యాయంగా రావలసింది, కోపం. అది రాదు. శవం ముందు కన్నీరు వస్తుంది. ఆ కన్నీరు ఏ భావానిదో తేల్చడానికి భరతుని కారణాల పట్టిక మొత్తం తెచ్చుకున్నా చాలదు. ఆమె మీద జాలి, తనకు దొరికి పోయిన వెచ్చదనం మీద శోకం, నిన్నటి తన మీద లజ్జ, ఇవి విడివిడిగా లేవు. కరుణం స్థాయిగా నిలిచిందని మనం అనగలిగితే, అది రావుగారి మనసు తెలిసినందువల్ల కాదు. ఆ పర్సు, ఆ తుపాను, ఆ కౌగిలి, ఆ శవం ఒకచోట కలిసినందువల్ల అంటాం. రెండోసారి చదివినప్పుడు రైలుపెట్టెలో ఆమె తొలిసారి చెయ్యి చాచిన దృశ్యం దగ్గరే మనం ఆగిపోతాం. అప్పటికి ఆమె చేతిలో ఏమీ లేదు, రావుగారి దగ్గర పర్సు ఉంది, ఆయన ముఖంలో ఏ భావమూ లేదు.